బట్టీ పనా, బండ పనా: కూలికి ఏది మేలు?

ఇటుక బట్టీలో కూలి వెయ్యి ఇటుకల లెక్కన, రాళ్ల క్వారీలో ట్రాక్టర్ లోడు లెక్కన. ఈ రెండు రేట్లూ పక్కపక్కన పెట్టి తేల్చేద్దామనుకుంటే బోల్తా పడతాం. బట్టీలో అడ్వాన్సు, క్వారీలో దుమ్ము ఆ రేట్లలో కనపడవు.

పెద్దపల్లి వైపు బట్టీలకు ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. కొత్తబియ్యం పండగ నువాఖాయి దాటాక సర్దార్, అంటే కూలీలను కుదిర్చే మేస్త్రి, ఊళ్లోకొచ్చి అడ్వాన్సు చేతిలో పెడతాడు. ఆలుమగలు, వెంట ఒక పిల్లో పిల్లాడో కలిస్తే ఒక 'పథురియా'. ఆమె బురద ముద్ద చేసి అందిస్తుంది, ఆయన ఇసుక చల్లిన అచ్చులో దాన్ని కొట్టి నేలమీద బోర్లిస్తాడు, పిల్లలు ఆరినవాటిని పక్కకు తిప్పుతారు. కాలిన ఇటుకే మూడు కిలోలుంటుంది. పచ్చిది ఇంకా బరువు. రోజుకు వెయ్యి వేశారంటే మూడు టన్నులకు పైగా మట్టి ఆ చేతుల మీదుగా పోయినట్టే. మాఘంలో వాన పడి పచ్చి ఇటుక కరిగిపోతే, చాలాచోట్ల ఆ నష్టం అచ్చు వేసినవాడిదే. అడ్వాన్సు తీరేదాకా కదలనివ్వకపోవడం 1976 నుంచీ నేరం. కానీ ఎన్ని ఇటుకలయ్యాయో రాసే పుస్తకం యజమాని దగ్గరుంటే చట్టం ఏం చేస్తుంది?

క్వారీలో ఈ కట్టు కాస్త వదులు. వడ్డెరల పని అసలు చూడాల్సిందే. బండ మీద గీత గీసి, గీత పొడవునా ఉలితో గుంటలు తొలిచి, చీలలు దిగ్గొట్టి, ఒక్కోదాని మీద వరసగా సమ్మెట వేసుకుంటూ పోతారు. మొదట్లో ఖంగుమనే మోత మెల్లగా బొంగురుపోతుంది. అప్పుడిక తొందరపడరు. ఇంకో రెండు దెబ్బలకు గీత వెంటే బండ విచ్చుకుంటుంది. ఇంత నేర్పు బట్టీలో ఎవరూ అడగరు (అచ్చు వేసేవాళ్లు నామీద కోప్పడొచ్చు).

ఆ నేర్పు ఊపిరితిత్తులను కాపాడదు. గ్రానైట్‌లో క్వార్ట్జ్ అనే సిలికా ఖనిజం ఎక్కువ. పొడిగా తొలిస్తే లేచే సన్నదుమ్ము ముఖానికి కట్టుకున్న తువ్వాలుకు ఆగదు, ఆ దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్ జబ్బు వస్తే నయం కాదు. తాండూరు, బేతంచెర్ల బండలు సున్నపురాయి. గడ్డపారతో పొరలు పొరలుగా లేస్తాయి, వాటి దుమ్ము గ్రానైట్ దుమ్మంత ప్రమాదం కాదు.

అందుకే నా లెక్క ఇది. అడ్వాన్సు లేకుండా, పిల్లల్ని బడిలో వదిలి వెళ్లగలిగితే బట్టీయే మేలు. అడ్వాన్సు తప్పదంటే సున్నపురాయి గనికి వెళ్లడం నయం. పొడి డ్రిల్లింగ్ చేసే గ్రానైట్ క్వారీకి మాత్రం కూలి రెట్టింపిస్తామన్నా వద్దంటాను. బయల్దేరేముందు మేస్త్రిని రెండు మాటలు అడగాలి: లెక్క పుస్తకం నా దగ్గర కూడా ఒకటి ఉంటుందా? బెజ్జం వేసేటప్పుడు నీళ్లు పోస్తారా?