నాలుగు మిర్చి సీజన్ల తర్వాత ప్రోమీథియస్, గ్రఫానాల గురించి

గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ సంస్థకు డేటాబేస్ సర్వర్లు చూస్తాను. మూడు సర్వర్లు, అన్నింట్లోనూ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్. ఏ రైతువి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), ఏ గదిలో ఉన్నాయి, వాటి మీద ఎంత అప్పు ఇచ్చారు, అన్నీ అందులోనే. ఫిబ్రవరి నుంచి మే దాకా ఊపిరాడదు. నాలుగు సీజన్లుగా ఈ సర్వర్లను ప్రోమీథియస్, గ్రఫానాలతోనే కనిపెట్టుకుని ఉన్నాను. ప్రోమీథియస్ సర్వర్ల లెక్కలు సేకరించి, హద్దు దాటితే అలర్ట్ ఇస్తుంది; గ్రఫానా వాటిని గ్రాఫులుగా ఒక బోర్డు మీద చూపిస్తుంది. రెండూ ఉచితం. ఇన్‌స్టాల్ చేయడానికి ఒక పూట చాలింది, అలవాటు పడటానికి ఏడాది పట్టింది.

ప్రోమీథియస్ మనం చెప్పకపోతే 15 రోజుల లెక్కలే దాస్తుంది. మొదటి సీజన్‌లో నేను ఆ గడువు మార్చలేదు. మరుసటి ఫిబ్రవరిలో "పోయిన మార్చిలో లోడ్ ఎంత? కొత్త డిస్కు ఎంతది కొనాలి?" అని మేనేజర్ గారు అడిగితే చూపించడానికి ఒక్క గ్రాఫ్ లేదు. ఇప్పుడు 400 రోజులు పెట్టాను. ఏడాదికోసారి వచ్చే పంట మీద నడిచే వ్యాపారానికి ఇది మొదటి రోజే చేయాల్సిన పని.

రెండో సీజన్‌లో ఒక రాత్రి రెండింటికి ఫోన్ మోగింది. డిస్కు 95 శాతం దాటింది. తెల్లారితే లారీలు దిగుతాయి. చూస్తే 200 జీబీ డిస్కులో పీజీ వాల్ ఫోల్డర్ (డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పునూ పోస్ట్‌గ్రెస్ రాసుకునే లాగ్ ఫైళ్లు ఉండే చోటు) ఒక్కటే 140 జీబీ! వారం కిందట స్టాండ్‌బై మెషీన్‌ను (డేటా నకలు ఉంచుకునే రెండో మెషీన్) రిపేరుకు పంపాం, దాని రెప్లికేషన్ స్లాట్ (అది ఎక్కడిదాకా లాగ్ అందుకుందో పోస్ట్‌గ్రెస్ పెట్టుకునే గుర్తు) తీయడం మరిచిపోయాం. ఆ మెషీన్ వచ్చి అడుగుతుందని పోస్ట్‌గ్రెస్ లాగ్ ఫైళ్లన్నీ దాస్తూనే ఉంది. వాటిని చేత్తో డిలీట్ చేస్తే డేటాబేసే పాడవుతుంది. స్లాట్ తీసేసి చెక్‌పాయింట్ ఆదేశం ఇస్తే, అక్కర్లేని లాగ్‌లను పోస్ట్‌గ్రెసే తీసేసింది. డిస్కు అంకె 26 శాతానికి దిగాక గానీ టెన్షన్ తగ్గలేదు.

స్లాట్ కోసం దాచే లాగ్‌కు హద్దు పెట్టే సెట్టింగ్ పోస్ట్‌గ్రెస్ 13వ వెర్షన్ నుంచి ఉంది, కానీ మనం పెడితేనే పనిచేస్తుంది. వెంటనే పెట్టాను. ఇదే వేగంతో పోతే 24 గంటల్లో డిస్కు నిండుతుందని ముందే చెప్పేలా ప్రెడిక్ట్ లీనియర్ అనే ఫంక్షన్‌తో అలర్ట్ రాసుకున్నాను. ప్రోమీథియస్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ ఫంక్షనే.

సీపీయూ వాడకం 80 శాతం దాటితే అలర్ట్ పెట్టుకోవడం మాత్రం పొరపాటు. బిల్లులు రాసే వేళల్లో రోజూ మోగేది, చివరికి పట్టించుకోవడం మానేశాం. అది తీసేశాను.

ఇంకో లోటు ఉంది. ఒకరోజు గ్రఫానా బోర్డు అంతా పచ్చగానే ఉంది, గేటు దగ్గర్నుంచి మాత్రం "సార్, పాస్ రావట్లేదు" అని ఫోన్. ఒక కౌంటర్‌లో ట్రాన్సాక్షన్ (డేటాబేస్‌లో మొదలుపెట్టి ముగించాల్సిన పని) తెరిచి అలాగే వదిలేశారు, అది పట్టుకున్న లాక్ విడుదలయ్యేదాకా మిగతావన్నీ ఆగిపోయాయి. నేను పెట్టుకున్న రెడీమేడ్ బోర్డులో ఇది కనిపించలేదు. అన్నిటికన్నా పాత ట్రాన్సాక్షన్ ఎన్ని నిమిషాలుగా తెరిచి ఉందో చూపే క్వెరీ నేనే రాసి, బోర్డులో అన్నిటికన్నా పైన పెట్టాను.

ప్రోమీథియస్‌ను డేటాబేస్ ఉన్న మెషీన్‌లోనే పెట్టకండి. మే నెలలో కరెంటు పోయి సర్వర్ ఆగినప్పుడు అలర్ట్ కూడా దాంతోపాటే ఆగిపోయింది. ఇప్పుడది వేరే గోడౌన్‌లో, వేరే యూపీఎస్ మీద, ఒక పాత డెస్క్‌టాప్‌లో నడుస్తోంది.