పిల్లలతో హైదరాబాద్ గణపతులు: ముందటి ఆదివారమా, నిమజ్జనం రోజా?

మా ఆడబిడ్డ కూకట్‌పల్లిలో ఉంటుంది. చవితి పూజ అయిన మర్నాడే ఆమె ఫోన్ వస్తుంది. “వదినా, ఈసారన్న రెండ్రోజులుండేటట్టు రాండ్రి, పిల్లలకు ఖైరతాబాద్ వినాయకుణ్ణి చూపిద్దాం.” మేముండేది సూర్యాపేటలో. శని, ఆదివారాలు కలిస్తే తప్ప కదలలేం. 2024లో నిమజ్జనానికి ముందటి ఆదివారం వెళ్లాం. 2025లో నిమజ్జనమే శనివారం పడింది, సెప్టెంబర్ 6న. అప్పుడూ వెళ్లాం. రెండుసార్లూ మాతో ఆరేళ్ల కొడుకు (రెండోసారికి ఏడేళ్లనుకోండి), పదేళ్లు దాటిన బిడ్డ, మోకాళ్ల నొప్పుల అత్తమ్మ.

మొదట ఆ ఆదివారం సంగతి. ఆ ఏడు నిమజ్జనం మంగళవారం. షెడ్డు విప్పాలి, వెల్డింగ్ పనులు చెయ్యాలి, అంత విగ్రహాన్ని బండి మీదికి ఎక్కించాలి కాబట్టి ఖైరతాబాద్‌లో ఒకటి రెండు రోజుల ముందే దర్శనం ఆపేస్తారు. అంటే మాకు దొరికిన ఆదివారమే ఊరందరికీ ఆఖరి సెలవు. ఈ లెక్క మాకు అక్కడికి పోయాక గానీ తట్టలేదు. పైగా భోజనం చేసి, అత్తమ్మ కునుకు తీశాక తీరుబడిగా బయల్దేరాం. ఖైరతాబాద్ మెట్రో స్టేషన్లో రైలు దిగినవాళ్లు మెట్ల దాకా పోవడానికే క్యూ. కిందికొస్తే రోడ్డు కనిపించలేదు, తలలే.

అయినా దర్శనం దర్శనమే. 1954లో సింగరి శంకరయ్య ఒక్క అడుగు విగ్రహంతో మొదలుపెట్టిన పూజ ఇది. ఏటా ఒక్కో అడుగు పెంచుకుంటూ పోయి 2014 నాటికి 60 అడుగులు చేశారు. మేం వెళ్లిన ఏడు 70 ఏళ్ల గుర్తుగా 70 అడుగుల మట్టి విగ్రహం పెట్టారు. మా చిన్నోడికి ముందు పాదం కనిపించింది, తర్వాత బొజ్జ. ముఖం కోసం వాళ్ల నాన్న భుజాల మీద కూర్చొని వెనక్కి వాలితే నేను వీపుకు చెయ్యి అడ్డం పెట్టాను. వాడు చెవుల దాకా చూసేలోపే “నడువుండ్రి, నడువుండ్రి” అని వాలంటీర్లు జరిపేశారు. మూడు గంటల క్యూకు అర నిమిషం దేవుడు. అత్తమ్మ సగంలోనే ఒక చాయ్ బండి దగ్గర స్టూలు అడిగి కూలబడింది.

తప్పు రోజుది సగం, వేళది సగం. మర్నాడు మా ఆడబిడ్డ ఎదురింటావిడ చెప్పింది, వాళ్లు శనివారం పొద్దున మొదటి మెట్రోకే పోయి, టిఫిన్ల వేళకు ఇంటికొచ్చేశారట.

ఇక నిమజ్జనం రోజు. ఇది దర్శనం కాదు, జాతర. నిజం చెప్పాలంటే, మనసుకు పట్టింది ఇదే. అత్తమ్మను ఇంట్లో ఉంచి, పొద్దున్నే లక్డీకాపూల్‌లో దిగి టెలిఫోన్ భవన్ వైపు ఒక గోడ పక్కన చోటు పట్టుకున్నాం. ఖైరతాబాద్ విగ్రహం ఇదివరకులా రాత్రి దాకా ఆగడం లేదు, పొద్దున్నే కదులుతోంది. 2025లో విగ్రహం 69 అడుగులు. ముందు డప్పులు, మార్ఫా వినిపించాయి. తర్వాత మలుపులో చెట్ల పైనుంచి కిరీటం వచ్చింది. బండి అంగుళం అంగుళం జరుగుతుంటే అదే మా వైపు వంగి చూస్తున్నట్టుంది. ముందటేడు ముఖం దక్కని మా వాడికి ఈసారి కావలసినంత సేపు దక్కింది. సచివాలయం మీదుగా ఎన్టీఆర్ మార్గ్‌లో నాలుగో నంబరు క్రేన్ దగ్గరికి పోయి, మధ్యాహ్నమే గంగమ్మ ఒడికి చేరాడు.

అక్కడితో ఇంటికి పోయి ఉంటే నేను ఇప్పుడు నిమజ్జనం రోజుకే ఓటేసేదాన్ని. మా ఆయన “ఇంత దూరమొచ్చి ట్యాంక్‌బండ్ చూడకపోతే ఎట్ల” అన్నాడు. సాయంత్రానికి డీజేల దెబ్బకు చిన్నోడు చెవులు మూసుకొని ఏడుపు. ఆ జనంలో ఫోన్లు కలవవు. బిడ్డను తీసుకొని నేను టాయిలెట్ వెతుక్కుంటూ పోతే, తిరిగొచ్చేసరికి వాళ్లు నిలబడ్డ చోట వేరే మనుషులున్నారు. ముప్పావు గంటకు గానీ దొరకలేదు. దొరికారంటే మా గొప్ప కాదు, చిన్నోడి అరచేతిలో పెన్నుతో రాసిన నంబరు చూసి ఎవరో పుణ్యాత్ముడు పదే పదే ప్రయత్నించాడు. రోడ్లు మూసేశారు కాబట్టి ఆటోల్లేవు, మెట్రో దాకా నడకే. మెట్రో మాత్రం అర్ధరాత్రి దాటేదాకా నడిపారు, అదే దిక్కయింది.

ఇల్లు చేరితే అత్తమ్మ కాళ్లు చాపుకొని టీవీ ముందుంది. బాలాపూర్ లడ్డూ వేలం దగ్గర్నుంచి అన్నీ చూసిందట. “1994ల 450 రూపాయలకు పోయిన లడ్డు ఇయ్యాల 35 లక్షలకు పోయిందే” అని మాకే చెప్పింది.

మరి ఏది మేలంటే, పిల్లలు పదేళ్లు దాటి, వెంట పెద్దవాళ్లు లేకపోతే నిమజ్జనం రోజు పొద్దుటి పూట వెళ్లండి. మధ్యాహ్నం కల్లా వెనక్కి తిరిగే గుండె నిబ్బరం ఉంటేనే సుమా. చిన్నపిల్లలు, ముసలివాళ్లు ఉంటే మధ్యలో వచ్చే శనివారం, అదీ తెల్లవారుజామున. ఆఖరి ఆదివారం సాయంత్రం మాత్రం ఎవరికీ చెప్పను.

నిమజ్జనం కూడా చూడాలంటే దానికి పదకొండో రోజు దాకా ఆగక్కర్లేదు. మూడు, ఐదు, ఏడు, తొమ్మిదో రోజుల్లోనూ కాలనీల గణపతులు హుస్సేన్‌సాగర్‌కు వస్తూనే ఉంటాయి. ఆ రోజుల్లో క్రేన్‌కు కాస్త దగ్గరగా నిలబడొచ్చు. విగ్రహాన్ని ఎత్తేముందు కాలనీ పిల్లలు ఆఖరి హారతి ఇస్తారు. ఎవరో ఒకరు మెడలో దండ తీసి దాచుకుంటారు. తాళ్లు బిగుసుకుంటాయి, విగ్రహం గాల్లో ఒక చుట్టు తిరిగి నీళ్ల మీదికి పోతుంది. అప్పటిదాకా ఎగిరినవాళ్లు ఒక్కసారిగా గమ్మునైపోతారు. ఇది ఆ పెద్ద రోజు గోలలో మాకు కనపడనే లేదు, మా ఆడబిడ్డ వాళ్ల గణపతిని సాగనంపిన వీడియోలో చూశాను. ఓపిక మిగిలితే పక్కనే నౌబత్ పహాడ్ మీద బిర్లా మందిర్ ఉంది, అక్కణ్ణుంచి సాగర్, మధ్యలో బుద్ధుడు కనిపిస్తారు.

2026లో చవితి సెప్టెంబర్ 14, సోమవారం. ఏడో రోజు ఆదివారం పడుతుంది, అనంత చతుర్దశి ఆ తర్వాతి శుక్రవారం. అందుకని 19న శనివారం పొద్దున ఖైరతాబాద్, 20న సాయంత్రం క్రేన్ల దగ్గర అని మా ఆడబిడ్డకు చెప్పాను. అత్తమ్మ ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది: “స్టూలు మనింటికాంచే తీస్కపోదాం.”