మైండా, బ్రెయినా?

మన మాటల్లో ఈ రెండూ కలిసిపోయాయి, ఇంగ్లీషులో మాత్రం వేటి చోటు వాటిదే.

బ్రెయిన్: అవయవం. పెద్దవాళ్లలో సుమారు 1.4 కిలోలు, స్కాన్‌లో కనిపిస్తుంది. వాడటం తేలికే.

మైండ్: ఆలోచన, ఉద్దేశం, జ్ఞాపకం. దీనికి కాస్త శ్రమపడాలి. నిర్ణయం మార్చుకుంటే ‘చేంజ్‌డ్ మై మైండ్’ అంటారు, అక్కడ బ్రెయిన్ కుదరదు. క్రియగా వస్తే అర్థమే వేరు. ‘డూ యూ మైండ్?’ అంటే మీకేమైనా అభ్యంతరమా అని. అభ్యంతరం లేకపోతే ‘నో’ అనాలి. చాలామంది తడబడేది ఇక్కడే.

రిస్క్ కూడా మైండ్‌తోనే. ‘లాస్ట్ హిజ్ మైండ్’ అంటే పిచ్చెక్కిందని. దిగులుతో ఉన్నవాళ్ల గురించి దయచేసి అలా అనకండి.

దెబ్బ, కణితి, సైన్సు పాఠం అయితే బ్రెయిన్. అభిప్రాయం, మనసులో మాట అయితే మైండ్. తెలివిని మెచ్చుకోవాలంటే రెండూ సరే: చనువుగా ‘బ్రెయినీ’, గౌరవంగా ‘బ్రిలియంట్ మైండ్’.