దండయాత్ర ముగిశాక శాంతి ఉద్యమానికి ఏ దారి మేలు?

2003 ఫిబ్రవరి 15న లండన్, రోమ్, మాడ్రిడ్, న్యూయార్క్, ఇంకా కొన్ని వందల ఊళ్ళల్లో జనం ఇరాక్ మీద యుద్ధం వద్దంటూ రోడ్డెక్కారు. మార్చి 20న యుద్ధం మొదలైంది. ఏప్రిల్ 9కి బాగ్దాద్ పడిపోయింది. మే 1న అమెరికా అధ్యక్షుడు బుష్ విమానవాహక నౌకెక్కి, ఇరాక్‌లో పెద్ద పోరాటం ముగిసిందని ప్రకటించేశాడు. శాంతి ఉద్యమానికి అసలు చిక్కు అప్పుడే వచ్చింది. అప్పటిదాకా చేతిలో ఉన్నది ‘యుద్ధం వద్దు’ అనే ఒక్క మాట, అదేమో రెండు నెలలు తిరక్కుండానే పాతబడిపోయింది. ఇకమీదట ఏం చేయాలి? మళ్ళీ ఊరేగింపులు తీయాలా, ఎన్నికల్లో ఈ నాయకుల్ని దించాలా, సైనికుల కుటుంబాల పక్కన నిలబడాలా, లేక చనిపోయినవాళ్ళ లెక్క రాసుకుంటూ కోర్టుల చుట్టూ తిరగాలా? నాలుగూ జరిగాయి. ఇరవై ఏళ్ళు దాటింది కాబట్టి ఏది ఎంతవరకు పనికొచ్చిందో ఇప్పుడు తాపీగా చూడొచ్చు. నా ఓటు ఎటో ముందే చెప్పేస్తా: లెక్క రాసే పనికే.

ముందు ఊరేగింపుల సంగతి. ఫిబ్రవరి జనసముద్రాన్ని చూసి కూడా బుష్ తేలిగ్గా తీసుకున్నాడు, ఇలాంటివాటిని బట్టి విధానాలు నిర్ణయించనన్నాడు. 2004 జనవరిలో ముంబైలో జరిగిన ప్రపంచ సామాజిక వేదికలో అరుంధతీ రాయ్ ఈ విషయమే మొహమాటం లేకుండా ఎత్తారు. ఫిబ్రవరి 15 వారాంతం, ఎవరూ ఒక్కరోజు పని కూడా మానుకోలేదు, సెలవు రోజు నిరసనలతో యుద్ధాలు ఆగవని. ఇరాక్ విధ్వంసంతో లాభపడే రెండు పెద్ద కంపెనీల్ని ఎంచుకుని వాటి వెంటపడదామని కూడా సూచించారు. ఆ మాట పట్టుకుని గట్టిగా నడిచినవాళ్ళు తక్కువే. 2004 మార్చి 20న, దండయాత్రకు ఏడాది నిండిన రోజున, మళ్ళీ ఊరేగింపులే తీశారు. ఏటా మార్చి రావడం, బ్యానర్లు కట్టడం, ఇంటికెళ్ళడం. అందులో తప్పేం లేదు, కానీ ఏ నిర్ణయమూ ఎదురుగా లేనప్పుడు ఎంత జనం వచ్చినా పాలకుడికి నొప్పి తెలియదు.

నిర్ణయం ఎదురుగా ఉన్నప్పుడు కథ వేరు. దానికి మన దేశమే ఉదాహరణ. బాగ్దాద్ పడ్డాక అమెరికా భారత్‌ను ఒక డివిజన్ సైన్యం, అంటే దాదాపు 17,000 మందిని, ఉత్తర ఇరాక్‌కు పంపమని అడిగింది. ఢిల్లీలో సరేనందామన్నవాళ్ళు తక్కువేం కాదు. మరోపక్క పార్లమెంటు ఏప్రిల్‌లోనే దండయాత్రను తప్పుపడుతూ తీర్మానం చేసి ఉంది, ప్రతిపక్షం వద్దంటోంది, ఎన్నికల కాలం దగ్గరపడుతోంది. జూలై 14న వాజపేయి ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి స్పష్టమైన ఆదేశం లేకుండా పంపేది లేదని తేల్చేసింది. వాజపేయే వామపక్ష నాయకుల్ని పిలిచి, మీ నిరసన నాకు సరిగ్గా వినపడటం లేదే అన్నారని చెప్పుకునే కథ ఒకటుంది, ఎంత నిజమో గానీ నాకు భలే ఇష్టం. ఆ సైన్యం వెళ్ళి ఉంటే మన ప్రకాశం, శ్రీకాకుళం జిల్లాల ఇళ్ళల్లో కూడా ఫోన్ మోగినప్పుడల్లా టెన్షనే. ఇక్కడ అడిగింది ‘ప్రపంచశాంతి’ కాదు, ‘సైన్యాన్ని పంపొద్దు’ అని. చిన్న కోరిక, దగ్గర్లో గడువు, అందుకే ఒత్తిడికి విలువ దొరికింది.

ఎన్నికల దారిలోనూ ఇదే తేడా కనిపిస్తుంది. స్పెయిన్‌లో ప్రతిపక్ష నాయకుడు జపతేరో, ఇరాక్‌లో ఉన్న తమ సైన్యాన్ని వెనక్కి రప్పిస్తానని ముందే మాటిచ్చాడు. 2004 మార్చి 11న మాడ్రిడ్ రైళ్ళలో బాంబులు పేలి 190 మందికి పైగా చనిపోయారు, దాన్ని బాస్క్ వేర్పాటువాదుల మీదకి నెట్టాలని చూసిన ప్రభుత్వం మీద జనం మండిపడ్డారు, మూడు రోజుల తర్వాత జరిగిన ఎన్నికల్లో అతను గెలిచాడు, ఏప్రిల్‌లో ఆదేశాలిచ్చాడు, దాదాపు 1,300 మంది ఇంటికొచ్చేశారు. అమెరికాలో మాత్రం కుక్కతోక పట్టుకుని గోదారి ఈదినట్టయింది. 2004లో ఉద్యమంలో చాలామంది బుష్‌ మీద పోటీ చేసిన డెమోక్రాట్ కెర్రీ వెనక నడిచారు, ఆయనేమో 2002లో యుద్ధానికి అధికారమిచ్చే తీర్మానానికి ఓటేసిన మనిషి. 2006లో డెమోక్రాట్లు రెండు సభలూ గెలిచారు, 2007లో సైన్యం తగ్గకపోగా ఇంకో ఇరవై వేల పైచిలుకు పెరిగింది. ఉపసంహరణకు గడువు పెట్టిన బిల్లును బుష్ వీటో చేస్తే, గడువు లేకుండానే డబ్బులు మంజూరు చేశారు. తర్వాత ఒబామా. మైకేల్ హీనీ, ఫాబియో రోహాస్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ ఏళ్ళలో నిరసనలకు వెళ్ళి వచ్చినవాళ్ళని అడిగి లెక్కలు తీస్తే, ఒబామా గెలిచాక డెమోక్రాట్లు రావడమే మానేశారని తేలింది. 2009 డిసెంబరులో ఒబామా అఫ్ఘానిస్తాన్‌కు మరో 30,000 మందిని పంపుతున్నానంటే వీధుల్లో పెద్ద కదలికే లేదు. ఇంకో తమాషా, 2011 చివరికల్లా ఇరాక్ నుంచి సైన్యం వెళ్ళిపోవాలన్న ఒప్పందం 2008లో బుష్ ప్రభుత్వం చేసుకున్నదే!

సైనికుల కుటుంబాలది మరో దారి. సిండీ షీహన్ అనే అమెరికన్ తల్లి కొడుకు, సైనికుడు కేసీ, 2004 ఏప్రిల్‌లో బాగ్దాద్‌లోని సదర్ సిటీలో చనిపోయాడు. 2005 ఆగస్టులో ఆమె టెక్సస్‌లోని క్రాఫర్డ్‌కు, బుష్ సెలవులు గడుపుతున్న పొలానికి దగ్గర్లో, రోడ్డు పక్క కాలవగట్టున కుర్చీ వేసుకుని కూర్చుంది. నా కొడుకు ఏ మహత్తర కార్యం కోసం చచ్చిపోయాడో అధ్యక్షుడే వచ్చి చెప్పాలని ఒకటే పట్టు. చనిపోయిన సైనికుల పేర్లతో తెల్ల శిలువలు వరసగా పాతారు, ఒకరాత్రి ఒకడు వాటి మీదుగా ట్రక్కు తోలేశాడు. బుష్ కాన్వాయ్ ఆమె పక్కనుంచే వెళ్ళింది, ఆగలేదు. లక్షల మంది ఊరేగింపుకు కదలని టీవీలు ఆ ఒక్క తల్లి కోసం వారాల తరబడి అక్కడే ఉన్నాయి. బలం అది. లోపమూ అందులోనే ఉంది: శిలువల మీద అన్నీ అమెరికా పేర్లే, ఫలూజాలోనో బస్రాలోనో చనిపోయిన తల్లీపిల్లల పేర్లకు అక్కడ చోటేది?

ఆ పేర్లు రాసింది ‘ఇరాక్ బాడీ కౌంట్’. 2003 జనవరిలో, యుద్ధానికి ముందే, బ్రిటన్‌లో కొద్దిమంది పెట్టుకున్న పని. తేదీ, ఊరు, ఎలా చనిపోయారు, తక్కువలో తక్కువ ఎంతమంది, ఎక్కువలో ఎక్కువ ఎంతమంది, దొరికితే పేరు, వయసు. రోజూ వార్తలు చదవడం, పోల్చడం, గడులు నింపడం. గ్లామర్ ఏమీ లేదు. పత్రికల్లో రానివి జారిపోతాయని, అసలు సంఖ్య ఇంకా పెద్దదని విమర్శించినవాళ్ళున్నారు, అది నిజమే. అయినా హింసలో చనిపోయిన 1,85,000 మందికి పైగా పౌరుల రికార్డు మిగిలింది. 2010లో వికీలీక్స్ అనే వెబ్‌సైట్ అమెరికా సైన్యం రహస్య పత్రాలు బయటపెట్టినప్పుడు, అంతకుముందు ఎక్కడా నమోదుకాని మరణాలు దాదాపు 15,000 ఉంటాయని చెప్పగలిగారంటే, పోల్చడానికి పాత జాబితా ఉంది కాబట్టే.

కోర్టులూ విచారణలూ నత్తనడకే, ఒప్పుకుంటా. బ్రిటన్‌లో కుటుంబాలు ఏళ్ళ తరబడి పట్టుబడితే 2009లో ఇరాక్ యుద్ధంలో బ్రిటన్ పాత్ర మీద చిల్కాట్ విచారణ వేశారు, నివేదిక 2016 జూలైలో వచ్చింది: శాంతియుత మార్గాలన్నీ అయిపోకముందే యుద్ధానికి దిగారని. యుద్ధం నాటి ప్రధాని బ్లెయిర్ జైలుకేం వెళ్ళలేదు. ఇరాక్‌లో అమెరికా సైన్యం నడిపిన అబూ గ్రైబ్ జైల్లో చిత్రహింసలు పడ్డ ఇరాకీలు, ఆ సైన్యానికి పనిచేసిన కాంట్రాక్టు కంపెనీ సీఏసీఐ మీద 2008లో కేసు వేస్తే, 2024 నవంబరులో వర్జీనియా జ్యూరీ ముగ్గురికి 4.2 కోట్ల డాలర్లు ఇవ్వాలంది. పదహారేళ్ళు! ఇంత ఓపిక ఏ ఊరేగింపుకూ ఉండదు.

అందుకే, చేతిలో పదిమందే ఉంటే నేను వాళ్ళని జాబితా దగ్గర కూర్చోబెడతాను. సైన్యాన్ని పంపాలా వద్దా అన్న నిర్ణయం దగ్గరపడితే అప్పుడు రోడ్డెక్కాలి, అంతవరకు ఏటేటా జనాన్ని అలవగొట్టడం దండగ. పార్టీలకు మద్దతివ్వొచ్చు, కానీ జపతేరో ఇచ్చినట్టు తేల్చి చెప్పిన మాట ఉంటేనే, గెలిచాక నిరసన మానబోమని ముందే చెప్పి మరీ. జాబితా పని మాత్రం యుద్ధం ముగిసేదాకా వాయిదా వేయకూడదు, ఎందుకంటే విలేకరులు ఊరు ఖాళీ చేశాక ఎవరు ఎక్కడ ఎలా చనిపోయారో అడగడానికి మనిషి దొరకడు.