నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్, ఏళ్ల తరబడి వాడాక: ఏరివేత బాగుంది, కానీ తేదీ దగ్గరే తంటా

నిఫ్టీ 50 సూచీలోని యాభై పెద్ద కంపెనీల షేర్లను అదే నిష్పత్తిలో కొని ఉంచే ఫండ్ ఇది. ఖర్చు తక్కువ, మేనేజర్ తెలివితో పని లేదు అన్నవి అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా. ఏళ్లుగా సిప్ (నెలనెలా కట్టే పెట్టుబడి) నడుపుతున్న నాకు ఇందులో గట్టిగా నచ్చింది ఒక్కటే. చెడిపోయిన కంపెనీని మనం అమ్మక్కర్లేదు, సూచీయే సాగనంపుతుంది. విడి షేర్లలో మనవాళ్లు దెబ్బతినేది కొనుగోలులో కన్నా అమ్మకంలోనే ఎక్కువ. కొన్న ధర రానీ అని ఆగుతారు, పడేకొద్దీ ఇంకా కొంటారు. 2009 జనవరి 7న సత్యం షేరు ఒక్కరోజులో 179 నుంచి 40 రూపాయల దగ్గరికి పడింది. అప్పుడది నిఫ్టీలోనూ ఉంది, కానీ యాభైలో ఒకటిగా. మన హైదరాబాద్ కంపెనీ కదా అని ఉన్నదంతా అందులోనే పెట్టినవాళ్ల సంగతి వేరు.

ఇదే ఏరివేత 2020లో ఎలా ఇరుక్కుందో కూడా తెలుసుకోవాలి. యెస్ బ్యాంకును తీసేసి శ్రీ సిమెంట్‌ను తెస్తామని నిఫ్టీ ముందే ప్రకటించింది. అమలు తేదీ మార్చి 27. కబురు తెలిసినా ఇండెక్స్ ఫండ్ ముందుగా అమ్మదు, అమలు తేదీ దగ్గరే అమ్ముతుంది. లేకపోతే సూచీకీ ఫండ్‌కీ రాబడిలో తేడా వస్తుంది. ఈలోగా మార్చి 5న బ్యాంకుపై మారటోరియం, అంటే డబ్బు తీసుకోవడంపై తాత్కాలిక ఆంక్ష, పడింది. 13న వచ్చిన పునర్వ్యవస్థీకరణ పథకం పాత వాటాదారుల షేర్లలో 75 శాతాన్ని మూడేళ్లు అమ్మకుండా లాక్ చేసింది. వందలోపు షేర్లున్నవాళ్లకే మినహాయింపు. సూచీ తేదీని 19కి జరిపి చేతులు దులుపుకుంది; కాగితం మీది లెక్క కాబట్టి దానికి కుదిరింది. నిజం షేర్లున్న ఫండ్లకు మాత్రం సూచీలో లేని షేరు 2023 మార్చి దాకా మిగిలిపోయింది.

అయినా నష్టం చిన్నదే. ధర పడేకొద్దీ సూచీలో దాని వెయిటేజీ (వాటా) దానంతటదే కరిగిపోయింది, సిప్ డబ్బులో దానికి వెళ్లే వాటా కూడా తగ్గింది. అయితే ఇదే సూత్రం రెండో వైపూ పనిచేస్తుంది. పెరిగినదానికే వెయిటేజీ పెరుగుతుంది. నిఫ్టీలో మూడో వంతుకు పైగా బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలే. యాభై కంపెనీలున్నాయి కదా, అన్ని రంగాలకూ సమంగా పంచినట్టే అని నేనిప్పుడు అనను. డీమ్యాట్‌లో ఇప్పటికే రెండు మూడు బ్యాంకు షేర్లున్నవాళ్లు ఈ ఫండ్‌తో అదే పందెం మళ్లీ కాస్తున్నట్టు.

ఫండ్ ఎంచుకునేటప్పుడు ఫ్యాక్ట్‌షీట్‌లో రాబడిని నిఫ్టీ 50 టీఆర్ఐతో (డివిడెండ్లు కూడా కలిపిన సూచీతో) పోల్చండి. టీవీలో కనిపించే నిఫ్టీ అంకెలో డివిడెండ్లు కలవవు, దాంతో పోలిస్తే సాధారణ ఫండ్ కూడా గెలిచినట్టే కనిపిస్తుంది. ఈటీఎఫ్ (షేరులా ఎక్స్ఛేంజీలో కొనే ఫండ్) అయితే ఐనావ్, అంటే ఆ క్షణంలో యూనిట్ అసలు విలువ అంచనా, చూసి, ఆ ధరకు దగ్గరగా లిమిట్ ఆర్డరే (ధర మనమే చెప్పే ఆర్డర్) పెట్టండి.

నాకు నెలజీతం ఉంది, పదేళ్లలోపు ఈ డబ్బుతో అవసరం లేదు, వార్షిక నివేదికలు చదివే తీరిక లేదు. అందుకే దీన్నే కొనసాగిస్తున్నా. బ్యాలెన్స్ షీట్ చదవగలిగి, నష్టంలోనైనా అమ్మేయగల గుండె ఉన్నవాళ్లు కొంత డబ్బు విడి షేర్లలో పెట్టుకోవచ్చు. మూడేళ్లలో ఇల్లో, పెళ్లో ఉంటే మాత్రం ఈ రెండూ వద్దు.