విశాఖ బీచ్ రోడ్డులో పాప బండితో ఒక రోజు

పద్నాలుగు నెలల పాపతో, మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్యగారితో కలిసి గత జనవరిలో విశాఖపట్నం వెళ్లాలనుకున్నప్పుడు, ప్రయాణానికి వారం ముందు నుంచే నన్ను ఒక్కటే ప్రశ్న పట్టుకుంది. బీచ్ రోడ్డులో పాప స్ట్రోలర్ ఎక్కడి దాకా వెళుతుంది, ఎక్కడ ఆగిపోతుంది? ఆ రోడ్డు మీద చూడదగ్గవేమిటో చెప్పేవారు కావలసినంత మంది ఉన్నారు గానీ, ఏ గుమ్మం ముందు మెట్లున్నాయో, ఎండ ఏ వేళకు ఏ వైపు పడుతుందో, బిడ్డకు పాలివ్వడానికి నీడపట్టున కూర్చునే చోటు ఎక్కడుందో చెప్పినవారు మాకు దొరకలేదు. అందుకే ఒక బుధవారం తెల్లవారుజాము నుంచి రాత్రి ఎనిమిది దాకా అక్కడ మేము గడిపిన రోజును, కలిసొచ్చినవీ కలిసిరానివీ తూచుకుంటూ రాస్తున్నాను.

బస సంగతి ముందు చెప్పాలి. బీచ్ రోడ్డుకు దగ్గరగా దిగాలా, లేక ద్వారకానగర్, జగదాంబ కూడలి వైపు తక్కువ అద్దెకు దొరికే గదుల్లో దిగాలా అన్నది మా మొదటి లెక్క. పెద్దవాళ్లం మాత్రమే అయితే రెండోదే నయం; తిండికీ దుకాణాలకూ బస్సులకూ అదే అనువు. కానీ చంటిబిడ్డ ఉన్న ఇంట్లో మధ్యాహ్నపు నిద్రే ఆ రోజుకు ఇరుసు. ఆ నిద్ర కోసం గదికి వెళ్లి రావడానికే గంట పోతే, సాయంత్రం మొత్తం ఏడుపులో గడిచిపోతుంది. అద్దె ఎక్కువైనా సముద్రానికి నడిచి వెళ్లగలిగే దూరంలోనే గది తీసుకున్నాం. ఆ నిర్ణయం సరైనదే, పొరపాటు జరిగింది మరొక చోట. ఫోనులో "లిఫ్టు ఉందా?" అని అడిగితే "ఉందండీ" అన్నారు, నిజంగానే ఉంది. అయితే వీధి నుంచి ఆ లిఫ్టు దాకా ఏడు పాలరాతి మెట్లు ఎక్కాలి, పట్టుకోవడానికి పక్కన కమ్మీ కూడా లేదు. మా వారు బండిని, నేను పాపను ఎత్తుకుని పైకి చేరాక, అత్తయ్యగారు గోడకు చెయ్యి ఆనించి ఒక్కొక్క మెట్టు మీద రెండు కాళ్లూ పెడుతూ ఎక్కవలసి వచ్చింది. సామాన్ల కోసం వెనక సెల్లారులో ఒక వాలుబాట ఉందని, అదే లిఫ్టు అక్కడికి కూడా దిగుతుందని మరునాడు వాచ్‌మన్ చెబితే తెలిసింది. గది మాట్లాడుకునేవారు లిఫ్టు ఉందా అని కాకుండా, వీధి నుంచి లిఫ్టు తలుపు దాకా ఎన్ని మెట్లున్నాయి, వేరే దారి ఏదైనా ఉందా అని అడగడం మంచిది.

బండి ఎంపిక కూడా ఇలాంటిదే. మా ఇంట్లో పెద్ద చక్రాల స్ట్రోలరు ఒకటి, గొడుగులా ముడుచుకునే తేలికది ఒకటి ఉన్నాయి. గతుకుల మీద పెద్దదే హాయిగా నడుస్తుంది. అయినా ఆరు కిలోల తేలికదాన్నే తెచ్చాం, ఎందుకంటే ఈ ప్రయాణంలో దాన్ని తోసే సమయంతో పాటు ఎత్తే సమయం కూడా లెక్కలోకి వస్తుంది. స్టేషను నుంచి వచ్చేటప్పుడు పిలిచిన కారు డిక్కీలో సగం చోటును సీఎన్‌జీ సిలిండరే ఆక్రమించింది. పెద్ద బండి అయితే అక్కడే మిగిలిపోయేది. ఆటోలో అయితే మడిచి వెనక సీటు వెనుక నిలబెట్టవచ్చు. దీనితో పాటు ఒక పాత నూలు చీర కూడా తెచ్చుకున్నాను. ఎండకు పందిరిగా, పాలిచ్చేటప్పుడు చాటుగా, ఇసుకలో పరుపుగా ఆ రోజు నాకు అది ఉపయోగపడినట్టు మరే వస్తువూ ఉపయోగపడలేదు.

తెల్లవారుజామునే బయటపడడం మేము చేసిన పనులన్నిటిలోకీ మంచి పని. నడకకు వచ్చేవారి కోసం పొద్దున్నే కొంతసేపు బీచ్ రోడ్డులో వాహనాలను ఆపివేసే అలవాటు విశాఖలో చాలా ఏళ్లుగా ఉంది. ఆ వేళలో ఫుట్‌పాత్ ఎలా ఉందన్న చింతే అక్కరలేదు, నల్లటి నున్నని తారు రోడ్డు మొత్తం పాపదే. సూర్యుడు సముద్రంలోంచి పైకి వచ్చే తీరం ఇది. జనవరిలో ఆరున్నర ప్రాంతంలో ఎర్రటి కాంతి నీళ్ల మీదుగా వచ్చి నేరుగా ముఖాన పడుతుంటే పాప కళ్లు చికిలించి చూస్తూ, చూస్తూనే మళ్లీ నిద్రలోకి జారుకుంది. కోస్టల్ బ్యాటరీ అనే చోటు వైపు నుంచి మొదలుపెట్టి, కాళీమాత గుడి ముందుగా, ఈ తీరానికి తన పేరిచ్చిన రామకృష్ణ మిషన్ ఆశ్రమం దాటి, 1971 యుద్ధంలో నౌకాదళం సాధించిన విజయానికి గుర్తుగా కట్టిన స్మారకం దాకా ఒక్కసారి కూడా బండిని ఎత్తకుండా వెళ్లాం. అత్తయ్యగారు కూడా బండి పిడి పట్టుకుని నడిచారు. అది ఆమెకు చేతికర్ర కంటే మంచి ఊతమైందని ఆమే అన్నారు.

వాహనాలు వదిలాక పరిస్థితి మారుతుంది. సముద్రం వైపున్న నడకదారి చాలా చోట్ల వెడల్పుగా, చదునుగా ఉంది, దాని మీదికి ఎక్కాక ఇబ్బంది లేదు. ఎక్కడమే ఇబ్బంది. కొన్ని చోట్ల రోడ్డు నుంచి నడకదారి అంచుకు వాలు ఉంది, మరికొన్ని చోట్ల నిటారు గట్టు. వాలు ఉన్న చోట కూడా మోటారు సైకిళ్లు ఎక్కకుండా పాతిన స్తంభాల మధ్య మా బండి అంగుళం ఖాళీతో దూరింది, చక్రాల కుర్చీ అయితే దూరదు. రోడ్ల నిర్మాణానికి నియమాలు రూపొందించే భారత రోడ్డు కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం ఫుట్‌పాత్ గట్టు 150 మిల్లీమీటర్లకు మించకూడదు, నడవడానికి అడ్డులేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. వాలుబాట ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది చక్రాల కుర్చీల కోసం దేశమంతటా చెప్పుకునే లెక్క. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చిన తరువాత ఇవి ఎవరి దయ మీదా ఆధారపడవలసిన సౌకర్యాలు కావు. చక్రాల కుర్చీకి సరిపోయే దారి పసిపిల్లల బండికీ, అత్తయ్యగారి మోకాళ్లకూ తప్పకుండా సరిపోతుంది. రోడ్డు దాటేటప్పుడు మాత్రం నాదొక మాట: బండిని ముందుకు తోసి ఆ తరువాత మనం అడుగు వేసే అలవాటు వద్దు. బండి పొడవంతా మనకంటే ముందే వాహనాల బాటలోకి వెళుతుంది. పెద్దవాళ్లలో ఒకరు ముందు దిగి చెయ్యి చూపాక, రెండోవారు బండిని దింపాలి.

ఎండ ముదిరే వేళకు విశాఖ మ్యూజియంలోకి వెళ్లాం. డచ్చి వారి కాలపు పాత బంగళాలో 1991లో ఏర్పాటైన ప్రదర్శనశాల ఇది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేసిన సంగతి అత్తయ్యగారికి వాళ్ల నాన్నగారి ద్వారా తెలుసు. అప్పట్లో జనం ఇళ్లు వదిలి పల్లెలకు తరలిపోయారట. అప్పటి బాంబు ఒకటి ఇక్కడ కళ్ల ముందు కనబడేసరికి ఆమె దాని దగ్గర చాలాసేపు నిలబడ్డారు. పాతకాలపు భవనం కనుక బండితో అన్ని గదులూ తిరగగలమని ఆశించకూడదు. మేము వంతులు వేసుకున్నాం. ఒకరు పై గదులు చూస్తుంటే ఒకరు ఆవరణలో ఫిరంగుల మధ్య పాపను తిప్పారు. ఈ వంతుల పద్ధతికి ముందే సిద్ధపడి వెళితే, చూడలేకపోయామన్న బాధ ఎవరికీ మిగలదు.

పదకొండున్నరకు గదికి చేరి, తిని, పడుకుని, మూడింటికి మళ్లీ బయలుదేరాం. ఈ విరామానికి మరో కారణం కూడా ఉంది. జలాంతర్గామి ప్రదర్శనశాల సోమవారం మూసి ఉంటుంది, మామూలు రోజుల్లో మధ్యాహ్నం తరువాతే తెరుస్తారు. ఉదయమే వెళ్లి గేటు ముందు నిలబడిన కుటుంబాలను మేమే రెండు చూశాం.

ఆ జలాంతర్గామి, ఐఎన్ఎస్ కురుసుర గురించి బండి పట్టుకున్నవారికి ఒక్కటే చెప్పాలి: అది లోపలికి రాదు, రానివ్వకపోవడం ఎవరి తప్పూ కాదు. సోవియట్ దేశంలో తయారై 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరి దాకా పనిచేసిన తొంభై ఒక్క మీటర్ల నౌక అది. 2002 ఆగస్టులో ప్రదర్శనశాలగా తెరిచారు. పైకి మెట్లు, లోపల సన్నని నడవ, గదికీ గదికీ మధ్య గుండ్రని ఇనుప ద్వారాలు. ఆ ద్వారాల్లో కాలు ఎత్తి, తల వంచి, ఒళ్లు ముడుచుకుని దూరాలి. పాపను చంకన వేసుకుని దూరడం నావల్ల కాదని తెలిసి నేను ఒక్కదాన్నే వెళ్లాను. డెబ్బై మందికి పైగా మనుషులు నెలల తరబడి ఆ ఇరుకులో ఎలా బతికారో వివరిస్తున్న గైడు మాటలు వింటుంటే, మెట్ల గురించి ఉదయం నుంచీ నేను పడుతున్న విసుగు కాస్త తగ్గింది. మోకాళ్ల నొప్పులున్నవారిని లోపలికి వెళ్లవద్దనే చెబుతాను. అత్తయ్యగారు బయట నుంచే ఆ నల్లటి పొడవును ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసి తృప్తిపడ్డారు.

ఎదురుగా రోడ్డు అవతల ఉన్న టీయూ-142 విమాన ప్రదర్శనశాల మా లెక్కలో అన్నిటికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంది. ఇరవై తొమ్మిదేళ్లు సేవలందించి 2017లో విరమించిన ఈ సముద్ర నిఘా విమానాన్ని అదే ఏడాది డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రజలకు అంకితం చేశారు. విమానం లోపలికి మెట్లెక్కాలి, నిజమే. కానీ ఎక్కకపోయినా పోయేది తక్కువ. ప్రతి ఇంజనుకూ ఒకదాని వెనుక ఒకటిగా ఎదురెదురు దిశల్లో తిరిగే రెండేసి పంకాలు, జలాంతర్గాముల చప్పుడు వినడానికి నీళ్లలోకి జారవిడిచే పరికరాలు, ఇవన్నీ కింది నుంచే చూడవచ్చు. రెక్క కింద నీడలో బండి నిలబెట్టుకుని ఎంతసేపైనా ఉండవచ్చు. పాప ఆ పంకాలను చూసి చెయ్యి గుండ్రంగా తిప్పుతూ కేరింతలు కొట్టింది. ఒక్క ప్రదర్శనశాలకే సమయముంటే పసిపిల్లలతో వచ్చినవారు దీన్నే ఎంచుకోవాలి.

నాలుగున్నరకల్లా పడమటి వైపు మేడల నీడ రోడ్డు మీదికి సాగుతుంది, సముద్రపు గాలి ఒంటికి హాయిగా తగులుతుంది. ఇసుకలోకి దిగే వేళ అదే. బండిని తోస్తే ముందు చక్రాలు కూరుకుపోతాయి. వెనక్కి తిప్పి లాగితే కొంత దూరం వస్తుంది గానీ, ఆ శ్రమ అనవసరం. "అమ్మాయ్, బండి దగ్గర నేను కూర్చుంటాను, మీరిద్దరూ పాపను తీసుకెళ్లండి" అన్నారు అత్తయ్యగారు. ఆమెను గట్టు మీద కూర్చోబెట్టి మేము దిగాం. ఇక్కడ అడుగు వెంటనే లోతుకు జారుతుంది, వెనక్కి లాగే కెరటం బలంగా ఉంటుంది. ఈ తీరంలో స్నానానికి దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఎందరో ఉన్నారు కనుక, తడి ఇసుక మొదలయ్యే చోటే కూర్చుని పాప పాదాలకు నురగ తగలనిచ్చి వచ్చేశాం. స్నానం చేయాలనుకునేవారు కారులో రుషికొండకు వెళ్లడం మేలు. కైలాసగిరిని మాత్రం మరో రోజుకు వదిలేశాం. తీగబండి, కొండ మీది బొమ్మ రైలు కలిపితే అదే ఒక పూట పని, పాప నిద్రను పణం పెట్టి చేయవలసినది కాదు.

తిండికి ఇబ్బంది లేదు. పెద్దవాళ్లకు నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు, ముంత మసాలా, బజ్జీలు అడుగడుగునా దొరుకుతాయి. పాపకు గదిలో వండించుకున్న మెత్తటి పెరుగన్నం డబ్బాలో తెచ్చుకున్నాం. మరుగుదొడ్లలో బిడ్డకు డైపరు మార్చే బల్ల మాకు ఎక్కడా కనబడలేదు. స్ట్రోలరు వీపును వెనక్కి వాల్చి, దాని మీదే, చీర చాటున మార్చాను. కాబట్టి వీపు పూర్తిగా వాలని బండిని ఈ ప్రయాణానికి తేవద్దు. మరొక హెచ్చరిక: డిసెంబరు 4 నాటి నౌకాదళ దినోత్సవానికి సంబంధించిన విన్యాసాలు ఇక్కడ జరిగే ఏడాదిలో ఆ రోజు, దాని ముందు సాధన జరిగే రోజులు బండితో వచ్చేవారికి పనికిరావు. ఆదివారం సాయంత్రాలూ అంతే. నడకదారి వెడల్పు ఎంత ఉన్నా జనం మధ్య చక్రం కదలదు.

చీకటి పడ్డాక తీరం దీపాల వెలుగులో మరికొంత నడిచి, సెల్లారు దారినే గదికి చేరాం. పాపను పడుకోబెట్టాక మా వారు స్ట్రోలరును కుళాయి కింద పెట్టి, చక్రాల ఇరుసుల్లో చేరిన ఉప్పు ఇసుకను మంచినీళ్లతో కడిగి, పాత గుడ్డతో తుడిచి ఆరబెట్టారు. ఆ ఒక్క పని చేయకుండా రైలెక్కి ఉంటే వారం తిరిగేసరికి అవి తుప్పు పట్టి బిగుసుకుపోయేవి.