ఇంటికి వచ్చిన పేగు బ్యాక్టీరియా పరీక్ష: 9,800 రూపాయలకు తెలిసినదేమిటి?

ఇంటికే ఒక పెట్టె పంపి, మన మలం నమూనా తెప్పించుకుని, పేగులో ఉన్న బ్యాక్టీరియా ఏమిటో నివేదిక రూపంలో చెప్పే పరీక్షను మార్చి నెలలో చేయించుకున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటిది కొనాలనుకునేవారికి పేరుకన్నా పద్ధతి తెలియడం ముఖ్యం.

నేను కొనడానికి కారణం మా అన్నయ్య. గుంటూరులో ఉండే ఆయనకు 47వ ఏట పెద్దపేగు క్యాన్సర్ బయటపడింది. అంతకు ముందు ఏడెనిమిది నెలలుగా విరేచనంలో రక్తం పడుతున్నా, అవి మొలలేనని ఇంటిల్లిపాదీ నమ్మి పూతమందులతో కాలం గడిపాం. ఆపరేషన్, కీమో పూర్తయి ఇప్పుడు కోలుకున్నారు. నాకు 43 ఏళ్ళు. నా పేగు సంగతి ఏమిటన్న భయం అప్పుడే పట్టుకుంది.

విజయవాడ పటమటలోని మా ఇంటికి పెట్టె రెండో రోజునే చేరింది. నమూనా తీయడం అనుకున్నంత అసహ్యమేమీ కాదు, సూచనలు మాత్రం తెలుగులో లేవు. మూడు వారాలకు 34 పేజీల నివేదిక ఫోనుకు వచ్చింది. అందులో తొమ్మిదో పేజీలో, ఆకుపచ్చ రంగులో, ‘పెద్దపేగు ఆరోగ్యం: తక్కువ ముప్పు’ అని ఉంది. ఆ ఒక్క వాక్యం గురించే ఈ సమీక్ష.

పేగు బ్యాక్టీరియాకూ క్యాన్సర్‌కూ సంబంధం ఉందన్నది కంపెనీ కల్పించినది కాదు. సాధారణంగా నోటిలో, చిగుళ్ళ దగ్గర ఉండే ఫ్యూసోబ్యాక్టీరియం న్యూక్లియేటమ్ పెద్దపేగు కణితుల్లో ఎక్కువగా చేరి ఉంటోందని 2012లో రెండు పరిశోధక బృందాలు విడివిడిగా ప్రకటించాయి. కొన్ని రకాల ఈ. కోలై బ్యాక్టీరియా కోలిబాక్టిన్ అనే విషపదార్థాన్ని తయారుచేసి పేగు కణాల డీఎన్ఏను గాయపరుస్తుంది. ఆ గాయం వదిలిన ప్రత్యేకమైన ఆనవాలును 2020లో కణితుల జన్యువుల్లోనే గుర్తించారు. 11 దేశాలకు చెందిన 981 మంది కణితులను పరిశీలించి 2025లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, 70 ఏళ్ళు దాటాక వ్యాధి వచ్చినవారితో పోలిస్తే 40 లోపే వచ్చినవారిలో ఆ ఆనవాలు మూడు రెట్లకు పైగా ఎక్కువగా కనిపించింది. చిన్న వయసులోనే ఈ క్యాన్సర్ ఎందుకు పెరుగుతోందన్న ప్రశ్నకు ఇది పూర్తి జవాబు కాకపోయినా, కొట్టిపారేయదగిన ఆధారం కాదు.

చిక్కు పరీక్ష పద్ధతిలో ఉంది. నివేదిక చివరి పేజీలో, భూతద్దం పెట్టి చదవవలసిన అక్షరాల్లో, తాము 16ఎస్ పద్ధతి వాడామని రాశారు. ఈ పద్ధతి బ్యాక్టీరియాలోని ఒకే ఒక జన్యువును చదివి అది ఏ కుటుంబానిదో, ఏ ప్రజాతిదో చెబుతుంది. ఆ ఈ. కోలై కోలిబాక్టిన్ తయారుచేసే రకమా, ఏ అపకారమూ చేయని రకమా అన్నది దీనికి అందదు. ఇంటిపేరు చూసి మనిషి గుణం తేల్చినట్టే. పైగా కణితిలో పాతుకుపోయిన బ్యాక్టీరియా మలంలోనూ అదే మోతాదులో కనబడాలని లేదు. అలాంటప్పుడు ‘తక్కువ ముప్పు’ అన్న మాటకు ఆధారమేమిటి? నమూనాతో పాటు నింపమన్న ప్రశ్నావళిలో నిద్ర గురించి ఆరు ప్రశ్నలున్నాయి గాని, రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఈ క్యాన్సర్ వచ్చిందా అన్న ప్రశ్న లేదు. మద్యం, పొగాకు ఊసూ లేదు. ఈ క్యాన్సర్ విషయంలో ఆ రెండూ, ఊబకాయం, ఒంటికి కదలిక లేకపోవడం తేలికగా తీసుకోదగినవి కావు.

ఆహార సలహాల భాగం కొంత నయం. పీచు ఎక్కువ తినమన్నారు, అది సరైన మాటే. పీచును పులియబెట్టే బ్యాక్టీరియా బ్యూటిరేట్‌ను తయారుచేస్తుంది. పెద్దపేగు గోడ కణాలకు ప్రధాన ఇంధనం అదే. అమెరికాలోని కొందరు నల్లజాతీయులకు గ్రామీణ దక్షిణాఫ్రికా తిండినీ, అక్కడివారికి అమెరికా తిండినీ రెండు వారాల పాటు పెట్టి చూసిన ప్రయోగం ఫలితాలు 2015లో వచ్చాయి. రోజుకు 55 గ్రాముల వరకు పీచు, తక్కువ కొవ్వు తిన్నవారిలో బ్యూటిరేట్ ఉత్పత్తి పెరిగి, పేగు లోపలి వాపు లక్షణాలు తగ్గాయి. అమెరికా తిండి తిన్న రెండో జట్టులో ఇందుకు విరుద్ధంగా జరిగింది. అయితే నివేదిక నాకు సూచించినవి కేల్ ఆకుకూర, అవకాడో, కెఫిర్ అనే పులియబెట్టిన పాల పానీయం. ఫోనులో మాట్లాడిన ఆహార నిపుణురాలు మర్యాదగానే మాట్లాడారు గాని, ఉలవలు, గోరుచిక్కుడు, అరటిదూట, జొన్నరొట్టె సంగతి అడిగితే, అవి తమ జాబితాలో లేవన్నారు. మజ్జిగ పోసిన చద్దన్నాన్ని వదిలి కెఫిర్ సీసా కోసం బెంజి సర్కిల్ దాకా వెళ్ళమనడం నాకు హాస్యంగా తోచింది. ఆ కాల్ చివర నెలకు 1,900 రూపాయల ప్రోబయోటిక్ (మేలుచేసే బ్యాక్టీరియా ఉండే) పొడిని అంటగట్టబోయారు.

జూలైలో సూర్యారావుపేటలోని ఒక జీర్ణకోశ వైద్యుని కలిశాను. ఆయన నివేదికను పక్కన పెట్టి, అన్నయ్యకు ఏ వయసులో వచ్చిందని మొదట అడిగారు. తోబుట్టువుకు వచ్చిన వయసుకు పదేళ్ళ ముందు, లేదా 40వ ఏట, వీటిలో ఏది ముందైతే అప్పుడే కొలనోస్కోపీ, అంటే కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేయించుకోవాలట. ఆ లెక్కన నేను 37వ ఏటనే చేయించుకోవలసింది. కుటుంబంలో ఎవరికీ లేనివారైతే 45 దాటాక ఏటా మలంలో కంటికి కనబడని రక్తాన్ని పట్టే ఫిట్ పరీక్షతో మొదలుపెట్టవచ్చని చెప్పారు. నేను కొలనోస్కోపీ చేయించుకున్నాను. అంతకు ముందు పేగు ఖాళీ కావడానికి రెండు లీటర్ల విరేచన ద్రావణం తాగడం ఈ వ్యవహారం మొత్తంలో కష్టమైన ఘట్టం, మిగతాది మత్తులోనే ముగిసింది. ఏడు మిల్లీమీటర్ల పాలిప్ (పేగు లోపలి గోడపై పెరిగే చిన్న బుడిపె) ఒకటి కనబడితే అక్కడికక్కడే తీసివేశారు. అడినోమా అని తేలింది. అలాగే వదిలేస్తే కొన్నేళ్ళకు క్యాన్సర్‌గా మారగల రకమది. ఐదేళ్ళకు మళ్ళీ రమ్మన్నారు.

పాలిప్‌లను కనిపెడతామని కంపెనీ ఎక్కడా చెప్పలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆ ఆకుపచ్చ వాక్యాన్ని నమ్మి నేను వైద్యుని దగ్గరకు వెళ్ళడం మూడు నెలలు వాయిదా వేశాను. తన పేగులో ఏముందో తెలుసుకోవాలన్న కుతూహలం ఉన్నవారికి ఈ పరీక్షకు ఐదులో రెండు నక్షత్రాలు ఇస్తాను. క్యాన్సర్ భయంతో కొనేవారికి ఒక్కటీ ఇవ్వను. తొమ్మిదో పేజీలోని ఆ వాక్యాన్ని తొలగించమని కంపెనీకి రాశాను. నాలుగో రోజున జవాబు వచ్చింది: మళ్ళీ పరీక్ష చేయించుకుంటే 20 శాతం తగ్గింపు ఇస్తారట.